పదికి ఎంత నొప్పి? ఒక ప్రశ్న వెనక చరిత్ర

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్. నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా తాతయ్యకి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆస్పత్రిలో స్కాన్ తీశారు, రక్తం పరీక్ష చేశారు, గడ్డ ఎన్ని సెంటీమీటర్లుందో కొలిచారు. "నొప్పి ఎంతుంది పెద్దాయనా?" అని మాత్రం ఎవరూ అడగలేదు. మాకు వినపడకూడదని రాత్రుళ్లు తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. మార్ఫిన్ అని ఒకటుందని ఆయన పోయాక తెలిసింది మాకు.

నల్లమందు నుంచి మార్ఫిన్‌ని వేరు చేసి రెండొందల ఏళ్లు దాటింది. మరి మా ఊరిదాకా ఎందుకు రాలేదు?

కథ లండన్‌లో మొదలవుతుంది. సిసిలీ సాండర్స్ నర్సుగా చేసి, నడుం నొప్పి వల్ల మానేసి, ఆస్పత్రిలోనే రోగుల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరింది. అక్కడ పరిచయమైన డేవిడ్ టాస్మా అనే పేషెంట్ పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, నా అన్నవాళ్లు లేరు. ఇలాంటివాళ్ల కోసం ఒక చోటు ఉండాలని ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకున్నారు. 1948లో చనిపోతూ, ఆ ఇంట్లో తానొక కిటికీ అవుతానని ఆమెకు 500 పౌండ్లు రాసిచ్చాడు. డాక్టర్ అయితేనే నీ మాట వింటారని ఒక సర్జన్ చెబితే ఆమె మళ్లీ చదువుకుని 1957లో డాక్టర్ అయింది.

అప్పటి పద్ధతి ఏంటంటే, రోగి తట్టుకోలేక అరిస్తేనే ఇంజెక్షన్. లేదంటే అలవాటు పడిపోతారని భయం. సాండర్స్ దాన్ని తిరగేసింది. నొప్పి తిరిగి రాకముందే, టైం ప్రకారం, నోటి ద్వారా మందు. రోగుల మాటల్ని టేప్‌లో రికార్డ్ చేసింది, వెయ్యిమందికి పైగా వివరాలు రాసిపెట్టుకుంది. (మా భాషలో చెప్పాలంటే, లాగ్స్ చూడకుండా బగ్ పట్టుకోలేం కదా.) వాళ్లు మత్తులో పడిపోలేదు, లేచి కబుర్లు చెప్పారు. నొప్పంటే ఒంటిది ఒక్కటే కాదనీ, దిగులూ, ఇంటి బెంగా, దేవుడి మీద అనుమానం కూడా అందులో కలిసి ఉంటాయనీ ఆమె గమనించింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. టాస్మా కిటికీ అందులో ఉంది.

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మూడు మెట్లుగా చెప్పింది: పారాసిటమాల్ లాంటివి, తర్వాత కోడీన్ లాంటివి, ఆపైన మార్ఫిన్. 1991లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఎడ్వర్డో బ్రూయెరా బృందం నొప్పితో పాటు నీరసం, వికారం, దిగులు, మగత, ఆకలి లాంటివన్నీ రోగే కొలిచి చెప్పే చిన్న ఫారం తయారుచేసింది. ఇప్పుడు సున్నా నుంచి పది దాకా అడిగేది దాన్నే.

ఇక మన దగ్గర. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో నల్లమందు చట్టప్రకారం పండించి విదేశాలకు పంపిన దేశం మనది. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో కనీసం పదేళ్ల జైలు, ఒక్క మందుకి బోలెడు లైసెన్సులు. ఎవరు పెట్టుకుంటారండీ? కొన్నేళ్లలోనే దేశంలో మార్ఫిన్ వాడకం 97 శాతం దాకా పడిపోయింది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వాళ్లు మొదలుపెట్టిన క్లినిక్ నుంచి కేరళ దారి మార్చుకుంది. చట్టాన్ని మార్చడానికి మాత్రం 2014 దాకా పట్టింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆస్పత్రిలో ఇప్పుడు దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.

పోయినేడాది నానమ్మకీ క్యాన్సరే. ఈసారి నేనే అడిగి అడిగి అలాంటి క్లినిక్ ఒకటి పట్టుకున్నా. నర్సు "పదికి ఎంతమ్మా?" అంది. "పదీ గిదీ నాకు తెలీదే తల్లీ, రూపాయిలో ముప్పావలా" అంది నానమ్మ. నర్సు నవ్వకుండా రాసుకుంది. మార్ఫిన్ మాత్రలతో పాటు విరేచనం సాఫీగా అవడానికి కూడా మందిచ్చారు, మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదట. వారం తర్వాత మళ్లీ అదే ప్రశ్న.

"పావలా ఉందేమో. ఇవాళ పప్పుచారు ఎవరు చేశారు, ఉప్పు లేదు."