మెత్త ఎలుక, చిట్టెలుక: యానాదుల బోను చరిత్ర

టీచర్ ట్రైనింగ్‌లో చేరినప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అనే గడి ఉంది. నేను 'వ్యవసాయ కూలి' అని రాశాను. అది అబద్ధం కాదు, మా నాయన నాట్లకూ కోతలకూ పోయేవాడు. కానీ వాకాడు చుట్టుపక్కల చేలల్లో రైతులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేది ఎలుకలు పట్టడానికి. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత టి.సి. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు గురించి చదివాను. మద్రాసు సర్కారు కొలువులో ఉండి కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. 1867లో భారతదేశపు క్షీరదాల మీద ఆయన పెద్ద పుస్తకం వెలువడింది. అందులో ఎలుకల దగ్గరికొస్తే ఒక్కోదానికీ స్థానిక పేర్లు ఇచ్చాడు. మెత్త ఎలుక, చిట్టెలుక, గిజెలిగాడు. వాటి పక్కనే 'యానాదుల తెలుగు' అని గుర్తు పెట్టాడు. ఆ పేర్లు చెప్పిన మనుషుల పేర్లు మాత్రం పుస్తకంలో లేవు. మెత్త ఎలుకకు శాస్త్రజ్ఞులు వాడే లాటిన్ పేరులో ఈరోజుకీ 'మెల్టాడా' అనే మాట ఉంది. అది వడ్డెరలు పిలిచే 'మెత్తాడ' నుంచి వచ్చింది. 1830లలో వాల్టర్ ఇలియట్ అనే అధికారి వాళ్ళ దగ్గర విని రాసుకున్నాడు. బొచ్చు మెత్తగా ఉంటుంది కాబట్టి మెత్త ఎలుక. తాకి చూసినవాడే పెట్టగలిగిన పేరు అది.

పేరు తెలిస్తే బొక్క తెలుస్తుంది. మెత్త ఎలుక ఎక్కువగా నేల నెర్రెల్లోనూ, నిస్సారమైన బొరియల్లోనూ ఉంటుంది. కొక్కు అలా కాదు. గట్టు లోపల అరలు తవ్వి, వరి కంకులు కొరికి తెచ్చి దాచుకుంటుంది. బొక్క ముందర కొత్త మట్టి కుప్ప పోసి, ద్వారం మట్టితో మూసుకుంటుంది. ఇంకోచోట పైన పల్చటి మట్టి పొర ఉంచి తప్పించుకునే దారి పెట్టుకుంటుంది. ఆ దొంగదారి ఎక్కడుందో తెలియనివాడు ఎంత తవ్వినా దండగే. మా తాత గట్టు మీద నన్ను ముందు నడిపించేవాడు. "కళ్ళతో కాదురా అబ్బయా, మడమతో చూడు" అనేవాడు. కింద బోలుగా ఉన్నచోట అడుగు వేరేగా పడుతుంది. మట్టి కుప్ప పాతబడి, బొక్క అంచు నున్నగా ఉంటే చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. అక్కడ ఎలుక ఖాళీ చేసి పాము చేరి ఉండొచ్చు.

పొగ పెట్టే పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, కుండ మూతిని బొక్కకు ఆనించి, చిల్లులోంచి నోటితో ఊదడం. ఊదిన వాళ్ళ పెదవులు కాలేవి, రొమ్ము పట్టేసేది. తమిళనాడులో ఇరుల వాళ్ళ కోసం చేత్తో తిప్పే ఇనుప పొగ పరికరం తయారుచేశారని తెలిసినప్పుడు మా నాయన దగ్గు గుర్తొచ్చింది.

బోను పెట్టడం ఇంకా నిదానమైన పని. మా తాతది తాటాకు బుట్ట, వంచిన వెదురు బద్ద, దానికి కట్టిన దారం. లోపల బొరుగులు. ఎలుక మేత లాగితే బద్ద సాగి దారం బిగుస్తుంది. చేసేదానికన్నా ఆనించేదాంట్లోనే నేర్పు ఉంది. ఎలుక నడిచే దారి గడ్డిలో సన్నగా తెలుస్తుంది. ఆ దారి పక్కనే బుట్ట పట్టేంత మట్టి తీసి, బుట్టను అందులో దించి, చుట్టూ అదే చేలో మట్టి నొక్కి, వేలితో కదిలించి చూడాలి. ఊగిందా, మళ్ళీ తీసి పెట్టాలి. ఎలుక కాలు మోపగానే కింద కదిలితే మళ్ళీ ఆ దిక్కు రాదు. చేతులకు ముందే బురద పూసుకునేవాళ్ళం. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం కాబట్టి మొదటి రెండు రాత్రులు దారం బిగించకుండా మేత మాత్రమే పెట్టేవాడు తాత. మూడో రాత్రి బిగించేవాడు.

అమెరికాలో కొయోటీ అనే నక్కలాంటి జంతువుకు ఇనుప బోను పెడతారు. వాళ్ళకూ ఇదే సూత్రం. మనిషి వాసన పోవడానికి బోను ఉడకబెడతారు, చేతికి తొడుగులు వేసుకుంటారు, గుంటలో ఊగకుండా కుదురుస్తారు, పైన జల్లించిన మట్టి చల్లుతారు. కాలు పట్టుకునే ఆ బోను జంతువును గంటల తరబడి హింసపెడుతుందని ఐరోపా దేశాలు 1991లో చట్టం చేసి, 1995 నుంచి నిషేధించాయి. మన దగ్గర నక్కల తెగవాళ్ళు వల పన్ని, నక్క కూత కూసి రప్పించేవాళ్ళు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు నక్కను పట్టడం నేరం. ఎలుకను మాత్రం ఆ చట్టం పంటకు చేటు చేసే జీవిగా లెక్కేసింది. అందుకే మన బోనుకు అడ్డు రాలేదు.

అడ్డొచ్చింది వేరే. రాత్రిపూట గట్ల మీద తిరిగేవాడు దొంగ అనే చూపు. 1911 నాటి నేరస్థ తెగల చట్టాన్ని యానాదుల మీద కూడా ప్రయోగించారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు దానికి ఎదురు నిలిచి పనిచేశారు. 1962లో యానాదుల మీద ఆయన పుస్తకం వచ్చింది. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది గానీ, చూపు ఆ రోజే పోలేదు. పగలు ఎలుకలు పట్టమని పిలిచిన రైతే, రాత్రి మోటారు పోతే ముందు మన పేటకే వచ్చేవాడు. చేతి అప్పు కింద పట్టిన ఎలుకలకు లెక్క కట్టకుండా పని చేయించుకోవడం కూడా మా చిన్నప్పుడు చూశాం. వెట్టి నిషేధ చట్టం 1976లోనే వచ్చింది.

ఇప్పుడు చేలల్లో బ్రోమడియోలోన్, జింక్ ఫాస్ఫైడ్ మందు పెడుతున్నారు. పెద్ద విస్తీర్ణంలో ఒకేసారి పెడితే ఎలుక తగ్గుతుంది, రైతును తప్పుపట్టను. కానీ మందు తిన్న ఎలుకను మనవాళ్ళు తింటే ప్రమాదం. గుడ్లగూబ తిన్నా ప్రమాదమే. మా నాయన చివరి రోజుల్లో ఏ చేలోకి పిలిచినా ముందు "మందు పెట్టారా?" అని అడిగేవాడు. పెట్టామంటే కుండ భుజాన వేసుకుని వెనక్కి తిరిగేవాడు, ఆ పూట కూలి పోయినా సరే.

పోయిన ఏడాది మా బడిలో జెర్డన్ రాసుకున్న మూడు పేర్లు బోర్డు మీద రాసి, ఇళ్ళలో అడిగి రమ్మన్నాను. మెత్త ఎలుకా, చిట్టెలుకా అందరి ఇళ్ళలోనూ తెలుసు. గిజెలిగాడు అంటే గూడల్లే పిట్ట గిజిగాడని పిల్లలు నవ్వారు. ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి మాత్రం మర్నాడు వచ్చి, "మా అవ్వ ఎలుకేనంది సార్, చూపిస్తానంది" అని చెప్పింది. శనివారం మధ్యాహ్నం ఆ అవ్వ వెంట పదకొండు మందిమి స్వర్ణముఖి ఒడ్డు చేలకు పోయాం.