కరవులో పరిచర్య: ఒంగోలు మిషన్, బకింగ్‌హామ్ కాలువ పని – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

‘పరిచర్య’ అనే పదం నేటి తెలుగు క్రైస్తవ వ్యవహారంలో ఎక్కువగా బోధకు, ప్రార్థన కూడికలకు, సంఘ నిర్వహణకు పరిమితమై వినిపిస్తోంది. ఆ పదానికి మొదటినుంచీ ఉన్న అర్థవిస్తృతిని గుర్తుచేస్తూ, 1876–78 నాటి కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేపట్టిన కాలువ పనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆరాధనాలయం వెలుపల జరిగిన సేవకు, మతస్వీకారానికి మధ్య ఆ మిషన్ పాటించిన ఎడం ఇందులో ప్రధాన చర్చనీయాంశం.

కీలకపదాలు: పరిచర్య, ఒంగోలు, క్లౌ, ధాతుకరవు, బకింగ్‌హామ్ కాలువ, మాదిగలు, బాప్తిస్మం.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రదేశంలో క్రైస్తవ మిషన్ల చరిత్రను రాసినవారు తరచుగా రెండు కొలమానాలను వాడారు. ఒకటి, చేరిన సభ్యుల సంఖ్య. రెండు, కట్టిన పాఠశాలలు, వైద్యశాలలు. మొదటిది మతవ్యాప్తిని చెబుతుంది. రెండవది సంస్థల విస్తరణను చెబుతుంది. చేసిన సేవ ఎలాంటి సేవ అన్న ప్రశ్నకు ఈ రెండూ సమాధానం ఇవ్వవు. ఆ ప్రశ్నకు ఒంగోలు ఉదంతంలో కొంత సమాధానం దొరుకుతుంది.

2. ‘పరిచర్య’ – పదవిచారం:

‘చర్’ ధాతువుకు ‘పరి’ ఉపసర్గ చేరి ఏర్పడిన పదం పరిచర్య. చుట్టూ మెలగుతూ, అవసరం కనిపెట్టి సేవించడం దీని మూలార్థం. గురువుకు శిష్యుడు, రోగికి ఆత్మీయుడు, అతిథికి గృహస్థు చేసేది పరిచర్యే. గ్రీకు కొత్త నిబంధనలోని ‘దియకొనియ’ అనే పదానికి కూడా భోజనపు బల్ల వద్ద వడ్డించడం అనే అర్థం ఉంది. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయంలో విధవరాండ్రకు జరిగే అనుదిన ఆహార పంపకానికీ, వాక్యబోధకూ మూలం ఈ ఒక్క పదాన్నే వాడింది. తెలుగు బైబిలు సైతం రెండుచోట్లా ‘పరిచర్య’నే నిలిపింది. కనుక అన్నం పంచడం ఒక పని, వాక్యం చెప్పడమే పరిచర్య అన్న విభజనకు మూలంలోగాని అనువాదంలోగాని ఆధారం లేదు. అది తరువాతి వాడుక తెచ్చిన అర్థసంకోచం.

3. ఒంగోలు మిషన్ – నేపథ్యం:

1840లో నెల్లూరులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ చాలాకాలం ఫలితం లేక, మూసివేత ప్రతిపాదనలను ఎదుర్కొంది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. అయితే ఈ ఉద్యమానికి ఊపిరి పోసినవాడు తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, యెర్రగుంట్ల పేరయ్య. స్థానిక యోగి సంప్రదాయంలో సాధన చేసి, 1866లో బాప్తిస్మం పొందిన ఆయన తన బంధువర్గం మధ్యే తిరిగి బోధించాడు. ఆ విధంగా ఈ మతోద్యమం మిషన్ బంగళా నుంచి పల్లెకు పోలేదు. పల్లె నుంచి బంగళాకు వచ్చింది.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. వినడానికి ఇవి మతనియమాలు. కాని ఊరి వెట్టికి, పండుగల్లో డప్పుకు కట్టుబడిన కుటుంబాలకు వీటిని పాటించడమంటే గ్రామ కట్టుబాటును ధిక్కరించడమే.

4. కాలువ గట్టుమీద పరిచర్య:

1876లో వర్షాలు లేక మొదలైన కరవు మద్రాసు రాజధానిలో చాలా జిల్లాలకు వ్యాపించింది. దీనినే తెలుగువారు ధాతుకరవు అన్నారు. సొంత భూమి లేని మాదిగలు ముందుగా దెబ్బతిన్నారు. కరవు నివారణలో భాగంగా ప్రభుత్వం తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని చేపట్టింది. క్లౌ అందులో కొన్ని మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. యౌవనంలో అమెరికాలో నేర్చిన భూమి కొలతల విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆయన బోధకులే మేస్త్రీలై పనిచేయించారు. సాయంత్రం వారే కూలీల మధ్య కూర్చుని మాట్లాడారు.

ఇక్కడ గమనించదగింది పని స్వభావం. బియ్యం దానం చేసి ఊరుకోక, పనికి కూలి ఇచ్చారు. అంటరానివారిగా చూడబడ్డవారికి తమవారే మేస్త్రీలుగా ఉండటంవల్ల పనిచోట తిట్టూ దెబ్బా తప్పాయి. కొలత కొలిచి కూలి సరిగా ముట్టజెప్పడం కూడా ఆనాడు పరిచర్యే అయింది.

5. నిలిపివేసిన బాప్తిస్మాలు:

కూలీలలో వేలమంది బాప్తిస్మం కోరారు. అయినా 1877 మొదలు 1878 నడిమి వరకు, ఏడాదికి పైగా క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలి తీర్చినందుకు ప్రతిఫలంగా విశ్వాసాన్ని తీసుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన ఆలోచన. కరవు సాయం ఆగిన తరువాతే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చరిత్రలో ప్రసిద్ధమైనది ఈ సంఖ్యే. మిషన్ పరిచర్య స్వభావం మాత్రం అంతకుముందు పదిహేను నెలలలో, ఒక్క పేరూ చేర్చని కాలంలో, తెలుస్తుంది. లెక్క పెంచుకోవడానికి అత్యంత అనువైన సమయంలో లెక్క ఆపడం సామాన్యమైన నిర్ణయం కాదు.

6. విమర్శ – పరిమితులు:

‘బియ్యం క్రైస్తవులు’ అన్న నింద దీనితో పూర్తిగా తొలగిపోదు. సాయం ఆగినా సాయపు జ్ఞాపకం ఆగదు. కూలి ఇచ్చిన చేయి, బాప్తిస్మం ఇచ్చిన చేయి ఒక్కటే. అయితే ఆ నిందలో మరొక లోపం ఉంది. అది మాదిగలను ఆలోచన లేని ఆకలిగొన్నవారిగా మాత్రమే చూస్తుంది. పేరయ్య వంటి సాధకుల అన్వేషణ, వెట్టి నుంచి బయటపడాలన్న సమూహపు పట్టుదల ఆ చూపులో కనిపించవు. మిషన్ రచనల్లో క్లౌ నాయకుడుగా నిలవడం, మేస్త్రీలై నిలిచిన తెలుగు బోధకుల పేర్లు మరుగున పడటం కూడా ఇదే లోపానికి మరో రూపం.

7. ముగింపు:

• పరిచర్య అనే పదంలో ఆహారసేవ, వాక్యబోధ రెండూ మొదటినుంచీ కలిసే ఉన్నాయి.

• ఒంగోలు మిషన్ కాలువ తవ్వకంలో న్యాయమైన కూలి, పనిచోట గౌరవం పరిచర్యలో అంతర్భాగాలయ్యాయి.

• బాప్తిస్మాల నిలుపుదల సేవను మతస్వీకారానికి ఎరగా వాడకుండా చేసిన ప్రయత్నం. అది పూర్తిగా సఫలం కాకపోయినా, సేవను తూచడానికి ఒక ప్రమాణాన్ని ఇచ్చింది.

సంఘానికి ఏ లాభమూ చేకూరదని తెలిసినప్పుడు కూడా కొనసాగేదే నిజమైన పరిచర్య. వెల్లంపల్లి రేవును స్మరించే సంఘచరిత్రలు కాలువ గట్టును కూడా స్మరించినప్పుడే ఈ అర్థం నిలుస్తుంది. ఆ గట్టుమీద పనిచేసిన తెలుగు బోధకుల, కూలీల వైపునుంచి ఈ చరిత్రను తిరిగి రాయవలసిన అవసరం ఉంది.