తలుపు ఖర్చు ఎవరిది?

మా సంఘం జిల్లా సాహిత్య పాఠశాలలో ఉపన్యాసాలన్నీ అయిపోయి, జంపఖానా మడతపెట్టే వేళకు, తెలుగు ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. ఆమె అన్న అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ గుళ్ళకూ మసీదులకూ గట్టి తలుపులూ కెమెరాలూ పెట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బిస్తుందని అతను చెప్పాడట. "మాస్టారూ, ఇది మంచిదా, చెడ్డదా? మనం దీన్ని ఎట్లా చూడాలి?" అని అడిగింది.

నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. జాత్యహంకారాన్ని పెంచి పోషించిన వ్యవస్థే దానికి బలయ్యేవాళ్ళకు తాళంకప్పలు పంచుతోందనీ, బాగుపడేది తాళాల కంపెనీలేననీ, మూలాన్ని వదిలేసి పైపూత పూయడమేననీ అన్నాను. ఆ అమ్మాయి తలూపింది గాని ముఖంలో తృప్తి లేదు. ఇంటికి వచ్చాక నాకూ తృప్తి కలగలేదు. చేతికందిన సూత్రాన్ని చటుక్కున విసరడం ఉపాధ్యాయులకు అలవాటు, విమర్శకులకు మరీను. చరిత్ర చూడకుండా చెప్పిన జవాబది. ఆ తరవాత కొన్ని నెలలపాటు చదివినదాన్నీ, చదువుతూ నాతో నేను పడిన పేచీనీ ఇక్కడ పెడుతున్నాను.

మొదట అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ పట్టణం. బొగ్గూ ఇనుమూ ఉక్కూ పండిన ఊరు. నల్లజాతివారి ఇళ్ళ మీదా చర్చీల మీదా డైనమైటు పేలుళ్ళు ఎంత మామూలైపోయాయంటే, ఆ ఊరికి బాంబింగ్‌హామ్ అని మారుపేరు వచ్చింది. పౌరహక్కుల నాయకుడు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అక్కడ బెతెల్ బాప్టిస్టు చర్చికి పాస్టరు. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటి కింద బాంబు పేలింది. ఇల్లు కూలింది, మంచం మీద ఉన్న మనిషి బతికి బయటపడ్డాడు. ఇక పోలీసుల్ని నమ్ముకునే వీలు లేదు. ఆ తరవాత కొద్దికాలానికి ఊరి పోలీసుశాఖ మళ్ళీ బుల్ కానర్ చేతికి వచ్చింది. నల్లజాతి పిల్లల మీదికి కుక్కల్ని ఉసిగొల్పి 1963లో లోకమంతటా పేరు మోసిన కానర్ అతనే. మరి చర్చికి కాపలా ఎవరు? ఆ చర్చికి వచ్చేవాళ్ళే. పగలంతా పని చేసి, రాత్రి వంతులవారీగా మేలుకొని కాపలా కాశారు.

1958 జూన్ 29న, రాత్రివేళ, చర్చి గోడవార పొగ వస్తున్న ఒక డబ్బా కాపలావాళ్ళ కంట పడింది. వాళ్ళలో ఒకడు, గనిలో పనిచేసి మానుకున్నవాడు, ఆ డబ్బాను చేత్తో ఎత్తి వీధి మధ్యకు మోసుకుపోయి పెట్టి పరుగెత్తాడు. అది అక్కడ పేలింది. కిటికీలు పగిలాయి గాని చర్చి నిలిచింది. ఆ బాంబు కేసులో జె.బి. స్టోనర్ అనే న్యాయవాదికి శిక్ష పడింది 1980లో. అంటే ఇరవై రెండేళ్ళకు! 1962 డిసెంబరులో ఆ చర్చి మీదనే మూడోసారి బాంబు పేలింది. 1963 సెప్టెంబరు 15న అదే ఊళ్ళో పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. ఆ కేసులో చివరి శిక్ష 2002లో పడింది.

నేను చెప్పదలచిందేమంటే, ప్రభుత్వం డబ్బివ్వనప్పుడు రక్షణ ఉచితంగా రాలేదు. గనికార్మికుడి నిద్రా, ప్రాణమూ పెట్టుబడిగా వచ్చింది. నేను ఆ విద్యార్థినికి చెప్పిన జవాబులో ఈ లెక్క లేదు. "పైపూత" అని తేలిగ్గా అనేశాను. ఆ డబ్బాను చేతులతో ఎత్తినవాడి ముందు నిలబడి ఆ మాట అనగలనా?

ఇప్పుడు జర్మనీకి పోదాం. హాలె పట్టణం. 2019 అక్టోబరు 9. యూదులకు ఏడాదిలో అతి పవిత్రమైన యోమ్ కిప్పూర్ దినం. సినగాగులో యాభై మందికి పైగా ప్రార్థనలో ఉన్నారు. బయట పోలీసు కాపలా లేదు. సొంతంగా తయారు చేసుకున్న తుపాకులతో, పేలుడు పదార్థాలతో ఒక నయా నాజీ వచ్చాడు. తలుపును కాల్చాడు. తెరుచుకోలేదు. లోపల ఉన్నవాళ్ళు కెమెరా తెరమీద అతన్ని చూస్తూ, తలుపుకు కుర్చీలూ బల్లలూ అడ్డంపెట్టారు. అది కొయ్య తలుపు. ఆ తలుపు నిలిచింది కనుక వాళ్ళు బతికారు.

ఆ కెమెరాలకూ తలుపు భద్రతకూ సాయం ఎక్కడినుంచి వచ్చింది? 2012లో ఫ్రాన్సులోని తులూజ్ పట్టణంలో ఒక యూదు పాఠశాల మీద కాల్పులు జరిగాక, యూదు ఏజెన్సీ అనే సంస్థ ఒక భద్రతా సహాయ నిధి పెట్టింది. అందులోంచి వచ్చింది. జర్మన్ ప్రభుత్వం పెద్దయెత్తున డబ్బు తీసింది ఆ కాల్పుల తరవాత: 2020లో దేశం మొత్తంమీద యూదు సంస్థల భద్రతకు రెండు కోట్ల ఇరవై లక్షల యూరోలు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. ఎందుకంటే ఈ డబ్బు వెనక ఒక భయంకరమైన లెక్క ఉంది. 1938 నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా సినగాగులు తగలబెట్టారు. హాలెలో ఉన్నదీ ఆ దాడుల్లోనే నాశనమైంది. మూడు రోజుల తరవాత, నవంబరు 12న, నాజీ ప్రభుత్వం ఉత్తరువులు జారీచేసింది. దెబ్బ తిన్న యూదులే వంద కోట్ల రైష్‌మార్కుల జరిమానా కట్టాలి. పగిలిన అద్దాలూ విరిగిన తలుపులూ వాళ్ళే సొంత ఖర్చుతో బాగు చేయించుకోవాలి. బీమా కంపెనీలు ఇవ్వవలసిన సొమ్మును రాజ్యం జప్తు చేసుకుంటుంది. తలుపు ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు ఫాసిజం ఇచ్చిన జవాబు ఇది: విరగ్గొట్టేది మేము, చెల్లించేది మీరు. ఇవాళ హాలెలో ఉన్న సినగాగు నిజానికి యూదుల శ్మశానంలో 1894లో కట్టిన అంత్యక్రియల మందిరం. యుద్ధం తరవాత, 1953లో, దాన్నే ప్రార్థనాస్థలంగా మార్చుకున్నారు.

రాజ్యం డబ్బివ్వడాన్ని ఈ వెలుగులో చూస్తే దానికి వేరే అర్థం వస్తుంది. నేను రాజ్యం దయాగుణాన్ని పొగడడం లేదు. 1938లో బాధితుడి మీద మోపిన ఖర్చును 2020లో రాజ్యం తన పద్దులో రాసుకుంది. ఆ రెండు పద్దుల మధ్య ఒక యుద్ధమూ, లక్షలాది శవాలూ, ఎంతోమంది పట్టు విడవకుండా చేసిన పోరాటమూ ఉన్నాయి. పోరాడి సాధించుకున్నదాన్ని "సంస్కరణవాదం" అని ఒక్క మాటతో కొట్టేసే తొందర మనలో చాలామందికి ఉంది. నాకూ ఉంది.

అయితే హాలె కథ తలుపు దగ్గర ఆగలేదు. తలుపు తెరుచుకోకపోయేసరికి హంతకుడు వీధిలో నడిచిపోతున్న ఒక స్త్రీని చంపాడు. తరవాత కొద్దిదూరంలో ఉన్న ఒక కబాబు దుకాణానికి వెళ్ళి ఒక కుర్రవాణ్ణి చంపాడు. అక్కడైతే ముస్లిములు దొరుకుతారనుకున్నాడు. ఆ దుకాణానికి నిధీ లేదు, కెమెరా లేదు. తిండి అమ్మే దుకాణం తలుపు మూసుకుని వ్యాపారం చేయలేదు గదా. నిధులు పొందడానికి ఒక సమాజం సంస్థగా నమోదై ఉండాలి. చాయ్ దుకాణమో, మంగలి దుకాణమో, పనివాళ్ళు సాయంత్రం కూచునే అరుగో ఏ జాబితాలోకి ఎక్కుతుంది? 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఒలాతె పట్టణంలో మన తెలుగు ఇంజనీరు ఒకరిని, దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చి చంపింది ఒక బారులో.

ఇక అమెరికా నిధి సంగతి. లాభాపేక్ష లేని సంస్థల భద్రతకని ఈ గ్రాంటు 2005 ఆర్థిక సంవత్సరంలో రెండున్నర కోట్ల డాలర్లతో మొదలైంది. మొదట్లో అది ఎంపిక చేసిన మహానగర ప్రాంతాలకే. చిన్న ఊళ్ళకు దారి దొరికింది 2018లో. పిట్స్‌బర్గ్‌లో 2018 అక్టోబరు 27న ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగులో 11 మంది చచ్చిపోయాక నిధి ఎదుగుతూ వచ్చింది: 2020లో 9 కోట్లు, 2021లో 18 కోట్లు, 2022లో 25 కోట్లు, 2023లో 30 కోట్ల 50 లక్షలు. ఈ అంకెల్ని వరసగా చదివితే ప్రభుత్వ ఔదార్యం పెరిగినట్టు కనిపిస్తుంది. నాకు మాత్రం శవాల లెక్క వెనక నడిచే పద్దులాగా కనిపించింది.

2023లో ఒక్కొక్క స్థలానికి గరిష్ఠంగా లక్షన్నర డాలర్లు. మామూలు పద్ధతి ఏమంటే, ముందు సంస్థే ఖర్చుపెట్టాలి, రశీదులు చూపాలి, ఆ తరవాత ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. చేతిలో డబ్బున్నవాడికే డబ్బు దొరికే ఏర్పాటు ఎక్కడైనా ఇట్లాగే ఉంటుంది! కెనడాలో 2007 నుంచి నడిచిన పథకంలో సగం ఖర్చు ఆ సమాజమే భరించాలి. క్యూబెక్ నగరం మసీదులో 2017 జనవరి 29న ఆరుగురు చచ్చిపోయిన తరవాత కూడా ఆ పద్ధతి ఏళ్ళ తరబడి సాగింది. 2024లో కొత్త పథకం వచ్చాకే ప్రభుత్వ వాటా 70 శాతం దాకా పెరిగింది.

అమెరికాలో అర్జీ పెట్టే సంస్థ తనకున్న ముప్పును వర్ణించాలి. ఎవరు బెదిరించారు, ఎప్పుడు, గోడమీద ఏం రాశారు, భవనంలో బలహీనమైన చోటు ఏది, అన్నీ నమూనా ప్రకారం నింపాలి. ఆ అర్జీలకు మార్కులు వేస్తారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దుతున్నాను. కానీ భయానికి మార్కులు వేయవలసి వస్తుందని ఊహించలేదు. భయాన్ని బాగా రాయగలిగినవాడికి ఎక్కువ మార్కులు. గుమాస్తాలూ న్యాయవాదులూ ఉన్న పెద్ద మందిరం బాగా రాస్తుంది. టాక్సీ డ్రైవర్లు చందాలతో నడుపుకునే మసీదు, ఒక అద్దె గదిలో ఉన్న గురుద్వారా ఎట్లా రాస్తాయి? సాహిత్య విద్యార్థులు ఈ అర్జీల భాషను ఒకసారి పరిశీలించాలని నా కోరిక. అణగారిన మనిషి తన దుఃఖాన్ని ఆఫీసు భాషలో రాయడం మన దేశంలోనూ కొత్తేమీ కాదు.

మరో చిక్కు కూడా ఉంది. ఈ గ్రాంటు వచ్చేది హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ కింద నుంచి. న్యూయార్కు పోలీసులు మసీదుల్లోకి వేగుల్ని పంపి నిఘా పెట్టిన సంగతి 2011లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. పోలీసులూ ఆ శాఖా వేరువేరు అని మనం చెప్పవచ్చు. ప్రార్థనకు వచ్చే ముసలాయనకు ఆ తేడా ఎంత? కెమెరా గుమ్మానికి బయట చూస్తుందా, లోపలికి చూస్తుందా అని అతను అనుమానపడితే తప్పు పట్టగలమా?

2019 మార్చి 15న న్యూజీలండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద జరిగిన కాల్పుల్లో 51 మంది చచ్చిపోయారు. వాళ్ళలో మన హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అల్ నూర్ మసీదు గుమ్మంలో ఉన్న ఒక పెద్దాయన తుపాకీతో వచ్చినవాణ్ణి సోదరుడా అని పలకరించాడు. 2020 డిసెంబరు 8న బయటికి వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక, భద్రతా సంస్థలు తమ శక్తినంతా తగని విధంగా ముస్లిం తీవ్రవాదం వైపే పెట్టాయని చెప్పింది. దానికి ముందే అక్కడి ముస్లిం మహిళల సంఘం, మా మీద ద్వేషం పెరుగుతోంది, చూడండి అని అధికారుల చుట్టూ తిరిగింది. ఆ ఆడవాళ్ళ మాట వినబడలేదు. భద్రతకు నిధి మాత్రం తరవాత వచ్చింది.

నా పాత జవాబులో ఒక భాగాన్ని నేనిప్పటికీ వదులుకోలేదు. తలుపులు మూసుకుంటూ పోతే అవి ప్రార్థనాస్థలాలుగా, ప్రజాస్థలాలుగా మిగలవు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో బైబిలు చదువుకుంటున్నవాళ్ళు, కొత్తగా వచ్చిన తెల్ల కుర్రవాడికి తమ మధ్య చోటిచ్చారు. దాదాపు గంటసేపు కూచుని, అతను తొమ్మిదిమందిని చంపాడు. 2022 జనవరి 15న టెక్సాసులోని కాలివిల్‌లో, చలికి తలదాచుకోవడానికి వచ్చానన్నవాణ్ణి లోపలికి రానిచ్చి టీ కాచి ఇచ్చాడు ఆ సినగాగు రబ్బీ. ఆ మనిషే తుపాకీ తీశాడు. పదకొండు గంటల నిర్బంధం తరవాత రబ్బీ అతని మీదికి కుర్చీ విసిరి, మిగిలిన ఇద్దరితో కలిసి బయటపడ్డాడు. అంతకుముందు తీసుకున్న భద్రతా శిక్షణే తమని కాపాడిందని చెప్పాడు. ఆ శిక్షణకు పెట్టిన డబ్బు దండగ అని ఎవరనగలరు? అలాగని ఆ టీ తప్పని కూడా నేను అనలేను.

ఈ వేసవిలో సాహిత్య పాఠశాలకు ఆ విద్యార్థిని మళ్ళీ వచ్చింది. నా జవాబు మార్చుకున్నానని చెప్పాను. తలుపు ఖర్చు రాజ్యం భరించాలి, అర్జీలో మార్కులు లేకుండా, ముందుగా రశీదు అడగకుండా, కబాబు దుకాణాన్ని కూడా కలుపుకుని; ద్వేషాన్ని ఓట్లుగా మార్చుకునేవాళ్ళను నిలదీసే పనిని మాత్రం తలుపు మీద వదిలేయకూడదు అన్నాను. ఆమె ఈసారి తలూపలేదు. "ఆ తలుపు ఇప్పుడేమైంది మాస్టారూ?" అని అడిగింది.

హాలె సినగాగుకు తరవాత కొత్త తలుపు పెట్టారు. గుండ్ల దెబ్బలున్న పాత తలుపును పారేయకుండా, ఆ ఆవరణలోనే నిలబెట్టారు.