వైద్య ఆరోగ్యశాఖ (ఆంధ్రప్రదేశ్)

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యత వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖది. బోధనాసుపత్రులను వైద్యవిద్య సంచాలకులు, జిల్లాలో ప్రజారోగ్య కార్యక్రమాలను జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) చూస్తారు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. 108 అంబులెన్సులు 2005లో, ఖరీదైన చికిత్సలకు ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలయ్యాయి. వీటికి దక్కినంత పేరు దక్కకపోయినా, శాఖకు అసలు బలం ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలే. ఐస్‌ప్యాకులు సర్దిన వ్యాక్సిన్ క్యారియర్‌తో ఊరికి చేరి, పసిబిడ్డకు టీకా వేసి, తల్లి కార్డు మీద తర్వాతి తేదీ రాసేది ఏఎన్‌ఎం. వానాకాలం జ్వరాలు ముసిరితే ఇంటింటికీ తిరిగి మలేరియా పరీక్షకు రక్తపూతలు తీసేదీ ఈ క్షేత్రస్థాయి సిబ్బందే.