కర్రా, లోహమా? అమెరికా కళాశాల బేస్‌బాల్‌లో బ్యాట్ పదార్థ వివాదం: ఒక పునఃపరిశీలన

అమెరికా కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1974లో బేస్‌బాల్‌లో అల్యూమినియం బ్యాట్‌ను అనుమతించింది. ఆ నిర్ణయానికి మూలం ఖర్చు. కర్ర బ్యాట్ విరుగుతుంది. సీజన్ పొడుగునా ఆడే జట్టుకు మళ్లీ మళ్లీ కొనక తప్పదు. లోహపు బ్యాట్ అయితే ఒకదాన్నే పలువురు ఆటగాళ్లు నెలల తరబడి వాడుకోవచ్చు. వృత్తి ఆటగాళ్ల మేజర్ లీగ్ మాత్రం ఒకే ముక్క ఘన కర్రతో చేసిన బ్యాట్‌ను తప్ప మరొకదాన్ని నాడూ ఒప్పుకోలేదు, నేడూ ఒప్పుకోదు. దాంతో కళాశాలలో ఒక పనిముట్టుతో ఆట నేర్చుకున్న యువకుడు వృత్తిలో అడుగుపెట్టగానే మరో పనిముట్టు పట్టవలసి వస్తోంది.

ఈ తేడా చుట్టూ అర్ధశతాబ్దంగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. బంతి విసిరే పిచర్ ప్రాణాలకు ముప్పని కొందరు, పరుగుల లెక్కలు కట్టుతప్పాయని కొందరు, ఆట స్వభావమే మారిందని కొందరు కర్రకు తిరిగి వెళ్లమంటున్నారు. ఖర్చునూ సాంకేతిక ప్రగతినీ చూపి లోహాన్ని సమర్థించేవారు మరో పక్షం. ఇరుపక్షాలూ పదార్థం పేరు మీదే పోట్లాడుతున్నాయి. ఈ వ్యాసం ప్రతిపాదన వేరు. నియమాలన్నీ ప్రయోగశాలకు చేరిన కొత్త బ్యాట్‌ను కొలుస్తూ వచ్చాయి. ఆట జరిగేది వాడిన బ్యాట్‌తో. పదార్థాల మధ్య అసలు భేదం కొత్త బ్యాట్ కొట్టే దెబ్బలో కంటే, వాడేకొద్దీ ఆ దెబ్బ మారే తీరులోనే ఎక్కువగా ఉంది.

దెబ్బలోని భౌతికశాస్త్రం

బంతి, బ్యాట్ తాకి ఉండే కాలం సెకనులో దాదాపు వెయ్యోవంతు. కర్ర బ్యాట్ లావుపాటి భాగం, అంటే బ్యారెల్, ఆ క్షణంలో లోపలికి నొక్కుకుపోదు. నలిగేది బంతే. నలిగి తిరిగి ఉబ్బే క్రమంలో బంతి లోపలి నూలుచుట్లు చాలా శక్తిని వేడిగా పోగొట్టుకుంటాయి. బోలుగా, పలచని గోడతో ఉన్న లోహపు బ్యారెల్ అలా కాదు. అది తాను కొంత లోపలికి వంగి, వెంటనే స్ప్రింగులా తిరిగి నెడుతుంది. బంతి తక్కువ నలుగుతుంది, శక్తి తక్కువ వృథా అవుతుంది. భౌతికశాస్త్రజ్ఞులు దీన్ని ట్రాంపొలిన్ ప్రభావం అంటారు. గోడ ఎంత పలచనైతే ఈ ప్రభావం అంత ఎక్కువ. అందుకే బలమైన మిశ్రలోహాలు దొరికేకొద్దీ తయారీదారులు గోడలను పలచబరుస్తూ పోయారు.

రెండో తేడా బరువు పంపకంలో ఉంది. ఒకే పొడవు, ఒకే బరువు ఉన్న రెండు బ్యాట్లలో బోలు బ్యాట్ బరువు చేతులకు దగ్గరగా ఉండేలా చేయవచ్చు. అప్పుడు దాని జడత్వ భ్రామకం తగ్గి, తిప్పడం సులువవుతుంది. బ్యారెల్ దగ్గర ద్రవ్యరాశి తగ్గడం వల్ల దెబ్బ బలం కొంత తగ్గుతుంది, విసురు వేగం వల్ల కొంత పెరుగుతుంది. ఒకదాన్నొకటి చాలావరకు సరిపెట్టుకుంటాయి. అయితే బ్యాటర్‌కు మిగిలే లాభం మరొకటుంది. తేలికగా తిరిగే బ్యాట్ ఉన్నవాడు బంతి రాకను కాస్త ఎక్కువసేపు గమనించి నిర్ణయం తీసుకోగలడు. బంతి వేగాన్ని మాత్రమే కొలిచే ఏ యంత్రానికీ ఈ లాభం అందదు.

పిచర్లు ఎక్కువగా చెప్పుకునే ఫిర్యాదు మూడోది. బ్యాటర్ చేతులకు దగ్గరగా బంతి వేస్తే కర్ర బ్యాట్ సన్నని పిడి దగ్గర విరుగుతుంది, బంతి నీరసంగా దొర్లుతుంది. అది పిచర్ నైపుణ్యానికి దక్కిన ఫలం. లోహపు బ్యాట్ విరగదు. అదే బంతి ఇన్‌ఫీల్డర్ల తల మీదుగా వెళ్లి పడుతుంది. ఆట స్వభావం మారిందన్న వాదంలో నాకు బలంగా కనిపించేది ఈ అంశమే.

1998 నుంచి 2011 దాకా

1997లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు ఒక్క సీజన్‌లో 188 హోమ్ రన్లు కొట్టింది. మరుసటి ఏడాది ఒమాహాలో జరిగిన కళాశాల వరల్డ్ సిరీస్‌లో 62 హోమ్ రన్లు నమోదయ్యాయి. ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అరిజోనా స్టేట్‌ను 21–14 తేడాతో ఓడించింది. బేస్‌బాల్‌లో ఇది ఊహకందని స్కోరు. ఎన్‌సీఏఏ అప్పుడు కదిలింది. బ్యారెల్ వ్యాసాన్ని 2.75 అంగుళాల నుంచి 2.625 అంగుళాలకు కుదించింది. అంగుళాల్లో పొడవుకూ ఔన్సుల్లో బరువుకూ మధ్య తేడా మూడు మించరాదంది. బ్యాట్ నుంచి బంతి బయటపడే వేగానికీ హద్దు పెట్టింది. బ్యాట్ల తయారీ సంస్థ ఈస్టన్ ఈ నియమాలపై కోర్టుకెక్కింది కూడా.

బీఈఎస్ఆర్ అనే ఆ కొలమానం ప్రకారం నిర్ణీత ప్రయోగశాల పరిస్థితుల్లో బంతి వేగం గంటకు 97 మైళ్లు, అంటే సుమారు 156 కిలోమీటర్లు, దాటకూడదు. పిచర్ నిలబడే చోటు హోమ్ ప్లేట్‌కు 18.44 మీటర్ల దూరం. బంతి వదిలేసరికి అతడు ముందుకు అడుగేసి ఇంకా దగ్గరవుతాడు. ఆ వేగంతో తిరిగొచ్చే బంతికి ముఖం తప్పించుకోవడానికి అతడికి దొరికే వ్యవధి దాదాపు 0.4 సెకను. ఈ లెక్క అంకెలకే పరిమితం కాదు. 2003లో మోంటానా రాష్ట్రంలో యువ ఆటగాళ్ల పోటీలో లోహపు బ్యాట్ నుంచి వచ్చిన బంతి తగిలి పద్దెనిమిదేళ్ల పిచర్ మరణించాడు. 2009లో అక్కడి జ్యూరీ, ప్రమాదం గురించి బ్యాట్ తయారీదారు తగిన హెచ్చరిక ఇవ్వలేదని తేల్చి ఆ కుటుంబానికి 8,50,000 డాలర్లు చెల్లించమంది. న్యూయార్క్ నగర మండలి 2007లోనే ఉన్నత పాఠశాలల్లో లోహపు బ్యాట్లను నిషేధించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కర్ర బ్యాట్ కూడా పిచర్లను గాయపరచింది. 1957లో హెర్బ్ స్కోర్ కంటి దగ్గర దెబ్బ తిన్నాడు, 2012లో బ్రాండన్ మెకార్తీ పుర్రె చిట్లింది. రెండూ మేజర్ లీగ్‌లో, కర్ర బ్యాట్ల నుంచి వచ్చిన బంతులే. కర్రకు మారితే ముప్పు పోతుందనడం బాధిత కుటుంబాలకు తప్పుడు భరోసా ఇవ్వడమే. తగ్గించవలసింది వేగాన్ని. ఆ పని ఏ పదార్థంతోనైనా చేయవచ్చు.

కాంపోజిట్ బ్యాట్ల ఉదంతం ఈ వివాదంలో కీలకం. వీటి బ్యారెల్‌ను కార్బన్ ఫైబర్ పొరలను రెసిన్‌తో అతికించి చేస్తారు. దెబ్బలు తినేకొద్దీ ఆ అతుకులు సూక్ష్మంగా విడిపోతాయి, బ్యారెల్ మెత్తబడుతుంది, ట్రాంపొలిన్ ప్రభావం పెరుగుతుంది. అంటే పరీక్ష నెగ్గిన కొత్త బ్యాట్ కొన్ని వందల దెబ్బల తరవాత హద్దు దాటుతుంది. కొందరు ఓపిక పట్టక బ్యారెల్‌ను రోలర్ల మధ్య నొక్కి ముందే మెత్తబరిచేవారు. పోటీల నుంచి సేకరించి పరీక్షించిన బ్యాట్లలో అత్యధికం విఫలం కావడంతో 2009లో ఎన్‌సీఏఏ కాంపోజిట్ బ్యారెళ్లను నిలిపివేసింది. సరైన నిర్ణయమే, కానీ ఆలస్యంగా వచ్చింది. చట్టం చదివింది బ్యాట్ పుట్టుక పత్రాన్ని, దాని జీవితాన్ని కాదు.

2011లో వచ్చిన బీబీకార్ కొలమానం మౌలికంగా మెరుగైనది. కదలకుండా నిలిపిన బ్యాట్ మీదికి ఫిరంగి లాంటి యంత్రంతో బంతిని పేల్చి, అది తిరిగొచ్చే వేగం నుంచి ప్రత్యావస్థాన గుణకాన్ని లెక్కిస్తారు. ఢీకొన్న తరవాత రెండూ విడిపోయే వేగానికి, ఢీకొనే ముందు దగ్గరైన వేగానికి ఉన్న నిష్పత్తి అది. హద్దు 0.50, అంటే ఇంచుమించు మంచి కర్ర బ్యాట్ స్థాయి. కాంపోజిట్లు తిరిగి రావాలంటే కృత్రిమంగా అరగదీసిన తరవాత కూడా ఈ హద్దులోనే ఉండాలి. ఫలితం వెంటనే కనిపించింది. 2010లో జట్టుకు ఆటకు 6.98 పరుగులుండగా 2011లో 5.58కి పడిపోయాయి. హోమ్ రన్లు 0.94 నుంచి 0.52కి, బ్యాటింగ్ సగటు .305 నుంచి .282కి తగ్గాయి. అవే కళాశాలలు, చాలావరకు అవే ఆటగాళ్లు, అదే బంతి; మారినది బ్యాట్ ఒక్కటే. సహజ ప్రయోగానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ క్రీడాచరిత్రలో అరుదు.

తరవాతి అంకెలకు ఆ స్వచ్ఛత లేదు. 2014లో హోమ్ రన్లు ఆటకు 0.39కి జారడంతో 2015లో కుట్లు తక్కువ ఎత్తున్న బంతిని తెచ్చారు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అది పాత బంతి కంటే సుమారు 20 అడుగులు ఎక్కువ దూరం వెళ్లింది. 2024లో ఛాంపియన్‌గా నిలిచిన టెన్నెస్సీ 184 హోమ్ రన్లు కొట్టింది, అదీ బీబీకార్ బ్యాట్లతోనే. కండబలం, బంతిని పైకి లేపే శిక్షణ, కొత్త బంతి అన్నీ కలిసిన ఆ అంకెను చూపి బ్యాట్ మీద నేరం మోపడం శాస్త్రీయం కాదు. పరుగులు పెరిగాయి కాబట్టి కర్ర కావాలనేవారు ఈ తేడా గమనించాలి.

పదార్థాన్ని శాసిస్తే సరిపోతుందా?

మన పాఠకులకు దగ్గరైన క్రికెట్ ఈ ప్రశ్నకు మరో జవాబు ఎంచుకుంది. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగాడు. ఇంగ్లండ్ కెప్టెన్ బ్రియర్లీ అభ్యంతరం చెప్పాడు. ఆ తరవాత నిబంధనల్లో బ్యాట్ పలక కర్రతోనే ఉండాలని రాశారు. పదార్థం స్థిరపడింది, బలం స్థిరపడలేదు. విల్లో కర్రతోనే అంచులు లావెక్కి, 2017లో క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ అంచుకు 40, మందానికి 67 మిల్లీమీటర్ల హద్దు పెట్టవలసి వచ్చింది.

బేస్‌బాల్ కర్ర కూడా ఒకే వస్తువు కాదు. 2001లో బ్యారీ బాండ్స్ మేపుల్ బ్యాట్‌తో 73 హోమ్ రన్లు కొట్టాక ఆ కర్రకు గిరాకీ పెరిగింది. విరిగినప్పుడు పెద్ద ముక్కలై ఎగిరే దాని గుణం వల్ల మేజర్ లీగ్ 2008లో అధ్యయనం చేయించి, కర్ర పోగుల వాలు తెలిసేలా సిరాచుక్క పరీక్ష తెచ్చింది. మరోవైపు 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు బ్యాట్లకు వాడే యాష్ చెట్లను తుడిచిపెడుతోంది. 2025 మార్చి 29న న్యూయార్క్ యాంకీస్ ఒకే ఆటలో తొమ్మిది హోమ్ రన్లు కొట్టినప్పుడు వారిలో కొందరి చేతుల్లో ఉన్నవి, బ్యారెల్ బరువును బంతి తరచూ తగిలే చోటికి జరిపిన టార్పెడో బ్యాట్లు. పూర్తిగా కర్రవే, పూర్తిగా చట్టబద్ధమైనవే.

అయినా కర్రకు ఒక గుణం ఉంది. కర్రవాదులు సంప్రదాయం, చెవికింపైన శబ్దం గురించి చెబుతూ దాన్ని పక్కన పెడుతున్నారు. వాడినకొద్దీ కర్ర బ్యాట్ బలం పెరగదు. నలుగుతుంది, పగులుతుంది, విరుగుతుంది. దొంగచాటుగా మార్చినా దెబ్బ బలం పెరగదు. 2003లో మేజర్ లీగ్ ఆటగాడు సామీ సోసా బ్యాట్‌లో కార్క్ (బెండు) బయటపడి పెద్ద దుమారం రేగింది. భౌతికశాస్త్రజ్ఞుడు అలాన్ నేథన్, ఆయన సహచరులు చేసిన పరీక్షల్లో కార్క్ నింపిన బ్యాట్ బంతి వేగాన్ని పెంచదని తేలింది. మోసం చేయడానికి కర్ర సహకరించదు. పలచని గోడలున్న బోలు బ్యారెళ్లకు ఈ స్వభావం సహజంగా లేదు, నియమంతో తెచ్చిపెట్టాలి.

కాబట్టి కర్రను తప్పనిసరి చేయాలన్న డిమాండుతో నేను ఏకీభవించను. 1985లో కర్రకు తిరిగొచ్చిన కేప్ కాడ్ వేసవి లీగ్ అలాగే కొనసాగాలి. వృత్తి జట్ల పరిశీలకులు యువ ఆటగాణ్ణి కర్రతో చూడగలిగే చోటు అదే. అయితే చిన్న కళాశాలల బడ్జెట్‌కు విరిగే బ్యాట్ల భారం ఇప్పటికీ నిజమైన భారం. పెద్ద జట్లకు తయారీ సంస్థలే బ్యాట్లు సమకూరుస్తుంటే చిన్నవాటికి ఆ సౌలభ్యం లేదు.

పోటీకి ముందు ప్రతి బ్యాట్ బ్యారెల్‌ను నొక్కి చూసే పరీక్షను ఎన్‌సీఏఏ తన మొదటి డివిజన్‌లో ప్రవేశపెట్టడం సరైన దిశలో వేసిన అడుగు. అది 2012 నుంచి బీబీకార్‌నే పాటిస్తున్న ఉన్నత పాఠశాలలకూ చేరాలి. విఫలమైన బ్యాట్ల నమూనా పేరు, వాటి వయసు ఏటా ప్రకటించాలి. బ్యాట్ మీద పొడవు, బరువు ముద్రించినట్లే జడత్వ భ్రామకం కూడా ముద్రించాలి. పరీక్షా పరికరం ఖర్చు సంపన్న జట్టు మాత్రమే భరించగలిగింది కావచ్చు, బీద పాఠశాలలో నిలబడ్డ పిచర్‌కు మాత్రం దాని అవసరం ఎక్కువ. ఆ ఖర్చు బ్యాట్లు అమ్మే సంస్థలే భరించాలి.