సెప్టిక్ ట్యాంకుల నుంచి భూగర్భజలానికి చేరే నైట్రేట్ అంచనా

మురుగుకాలువలు లేని గ్రామీణ ప్రాంతంలో కొత్త ఇళ్ల స్థలాలు వేసే ముందు, ఆ ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల వల్ల భూగర్భజలంలో నైట్రేట్ ఎంత పెరుగుతుందో ముందుగా లెక్కగట్టే పద్ధతి ఇది. ఒక్కో ఇంటికి కనీసం ఎంత భూమి వదలాలో తేల్చడానికి అమెరికా, కెనడాలలో దీన్ని వాడుతున్నారు. ఇలాంటి చోట్ల తాగునీటి బావి, మురుగు ఇంకే చోటు తరచుగా ఒకే స్థలంలో ఉంటాయి. అందువల్ల ఈ లెక్క నేరుగా ఆ ఇంటివారి తాగునీటికి సంబంధించినది.

నత్రజని నేలలోకి చేరే తీరు

మనిషి మలమూత్రాల ద్వారా ఏడాదికి సుమారు 4 కిలోల నత్రజని మురుగునీటిలో చేరుతుంది. గాలి సోకని సెప్టిక్ ట్యాంకులో అందులో చాలా భాగం అమ్మోనియంగా మారుతుంది. ఆ నీరు ఇంకుడు కాలువల గుండా పొడినేలలోకి దిగాక, గాలి తగిలిన చోట బ్యాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీన్ని నత్రీకరణం అంటారు. నైట్రేట్‌కు రుణావేశం ఉండటంతో మట్టి రేణువులు దాన్ని పట్టి ఉంచలేవు. అది నీటితో పాటే కిందికి దిగుతుంది. మార్గంలో ప్రాణవాయువు లేని, సేంద్రియ పదార్థం ఉన్న పొర తగిలితే వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతుంది. ఇది వినత్రీకరణం. ఇసుక నేలల్లో ఈ మేలు స్వల్పం. ట్యాంకును ఎంత పక్కాగా కట్టినా మామూలు సెప్టిక్ వ్యవస్థ నైట్రేట్‌ను పెద్దగా తొలగించదు. అక్కడ గాఢతను తగ్గించేది ప్రధానంగా నేలలో ఇంకే వాననీరే.

లెక్క

అన్ని పద్ధతులకూ మూలం ద్రవ్యరాశి సమతౌల్యం. 1978లో ట్రెలా, డగ్లస్ న్యూజెర్సీ ఇసుక నేలల కోసం ఇలాంటి నమూనా ఇచ్చారు. 1992లో హాంట్జ్‌షే, ఫిన్నెమోర్ ప్రచురించిన సమీకరణం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అందులో మురుగునీటి పరిమాణాన్ని దాని నత్రజని గాఢతతో గుణించి, వినత్రీకరణంలో పోయే వంతును తీసివేస్తారు. ఇంకిన వాననీటితో వచ్చే నత్రజనిని దానికి కలుపుతారు. వచ్చిన మొత్తాన్ని మురుగునీరు, ఇంకిన వాననీరు కలిసిన పరిమాణంతో భాగిస్తారు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1996 నాటి మార్గదర్శకంలో ఇంటికి రోజుకు 1,000 లీటర్ల మురుగునీరు, 40 గ్రాముల నత్రజని అని తీసుకుంది. అంటే ఏడాదికి 365 ఘనపు మీటర్ల నీరు, 14.6 కిలోల నత్రజని. ఏటా 250 మిల్లీమీటర్ల వాననీరు ఇంకే చోట, వినత్రీకరణాన్నీ, వాననీటితో వచ్చే నత్రజనినీ లెక్కలోకి తీసుకోకుండా చూస్తే ఫలితం ఇలా ఉంటుంది:

- హెక్టారుకు ఒక ఇల్లు: లీటరుకు 5.1 మిల్లీగ్రాముల నైట్రేట్-నత్రజని
- అర హెక్టారుకు ఒక ఇల్లు: 9.0 మిల్లీగ్రాములు
- పావు హెక్టారుకు ఒక ఇల్లు: 14.7 మిల్లీగ్రాములు

అర హెక్టారు స్థలంలోనే వాన తగ్గి 150 మిల్లీమీటర్లే ఇంకితే, గాఢత 13.1కి చేరుతుంది. సగటు వర్షపాతాన్ని మాత్రమే నమ్ముకుంటే కరవు ఏళ్ల ప్రమాదం కనిపించకుండా పోతుంది.

పరిమితులు

బావినీటిలోని నైట్రేట్‌కూ, పసిపిల్లల ఒళ్లు నీలంగా మారే జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1945లో అయోవా వైద్యుడు హంటర్ కామ్లీ వెల్లడించారు. అమెరికాలో తాగునీటి పరిమితి లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్-నత్రజని. ప్రకృతి రక్షణ కోసం కొన్ని ప్రాంతాలు ఇంకా కఠినమైన హద్దు పెట్టుకున్నాయి. న్యూజెర్సీ పైన్‌ల్యాండ్స్‌లో 1981 ప్రణాళిక స్థలం సరిహద్దు దగ్గర 2 మిల్లీగ్రాములే అనుమతించింది. అందువల్ల మామూలు సెప్టిక్ వ్యవస్థ ఉన్న ఇంటికి కనీసం 3.2 ఎకరాలు కావాల్సి వచ్చింది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో ప్రణాళికా లెక్కలకు 5 మిల్లీగ్రాములను హద్దుగా తీసుకున్నారు. అక్కడ పచ్చికకు వేసే ఎరువునూ, పైకప్పుల మీద, రోడ్ల మీద పడి పారే నీటినీ లెక్కలో కలుపుతారు.

లెక్కకు లోబడనివి

ఈ సమీకరణం మురుగునీరు, వాననీరు స్థలమంతటా సమంగా కలిసిపోతాయని అనుకుంటుంది. నిజంలో అలా జరగదు. ఒంటారియోలోని కేంబ్రిడ్జ్ దగ్గర ఒక ఇంటి సెప్టిక్ వ్యవస్థ నుంచి వెలువడిన నైట్రేట్ ఇసుక పొరలో సన్నటి ధారగా 130 మీటర్లకు పైగా సాగిందని 1991లో రాబర్ట్‌సన్, చెర్రీ, సుడికీ చూపారు. అంటే సగటు హద్దులోపే ఉన్నా, ఆ ధారకు ఎదురుగా ఉన్న బావిలో హద్దు దాటవచ్చు. బావికి, ఇంకుడు కాలువలకు మధ్య నిబంధనలు కోరే దూరం ప్రధానంగా సూక్ష్మక్రిముల నుంచి కాపాడటానికి. నైట్రేట్‌ను ఆపడానికి అది చాలదు. అందుకే భూగర్భజలం ప్రవహించే దిశ, నీటిమట్టం, పాత బావుల నీటి పరీక్షలు లెక్కతో పాటు తప్పనిసరి.

తెలుగు ప్రాంతాలకు అన్వయం

భారత తాగునీటి ప్రమాణం నైట్రేట్‌కు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఇది మొత్తం నైట్రేట్ అయాను బరువు. అమెరికా చెప్పే 10 అందులోని నత్రజని బరువు మాత్రమే. 4.43తో గుణిస్తే రెండూ దాదాపు ఒకటే. ఈ తేడా మరిస్తే లెక్క నాలుగింతలు తప్పుతుంది.

తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గట్టిరాతి నేల. అక్కడ వానలో కొద్ది వంతే ఇంకుతుంది. పై ఉదాహరణలో 250 బదులు 80 మిల్లీమీటర్లు తీసుకుంటే, హెక్టారుకు ఒక్క ఇల్లే ఉన్నా గాఢత 12.5 మిల్లీగ్రాములు అవుతుంది. పైగా రాతి పగుళ్లలో నీరు సమంగా కలవదు. ఒక బోరు బాగున్నంత మాత్రాన పక్క బోరు బాగున్నట్టు కాదు. కొన్ని వందల గజాల స్థలాలుగా విడగొట్టే వెంచర్లలో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకూ బోరూ పెడితే ఆ నీరు తాగడానికి పనికివస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ప్లాన్ దశలోనే దొరకాలి. భూగర్భజలంలోకి ఒకసారి చేరిన నైట్రేట్‌ను తిరిగి తీయడం ఖరీదైన పని. కాచినా అది పోదు. నీరు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది.