గొడ్డలి మాట, కలం మాట

మన జహీరాబాదు పాతకాలపు పెద్దలను "మీది ఏ జిల్లా?" అని అడిగితే "బీదర్" అనేవాళ్లు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా మన తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది గదా! ఆ తరువాత మెదక్ జిల్లాలోకి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాం. ఈ పాత సంగతి ఎందుకు ఎత్తుకున్నామో చివరలో మనవి చేస్తాము.

నోటితో చెబితే వినని లోకం, దెబ్బ కొడితే వింటుందా? ఈ ప్రశ్న మన యువకులు తరచుగా వేస్తూంటారు. దీనికి జవాబు పుస్తకాలలో కంటే మన తెలంగాణ చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుంది.

జనగామ ప్రాంతంలో కామారెడ్డిగూడెం అనే ఊళ్లో షేక్ బందగీ అనే పేద రైతు ఉండేవాడు. విసునూరు దేశ్‌ముఖు అండ చూసుకొని తన భూమిని కాజేయబోతే అతడు కర్ర పట్టలేదు, కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి తిరిగి దావా గెలిచాడు. న్యాయస్థానం అతని మాట విన్నది. కాని 1940 ప్రాంతంలో దేశ్‌ముఖు మనుషులు దారి కాచి అతన్ని నరికి చంపారు. "ఇంకెవడూ కోర్టు గుమ్మం తొక్కకూడదు" అని ఊరికి వినిపించడమే ఆ గొడ్డలి ఉద్దేశం.

అయితే జరిగిందేమిటి? సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు ఆ గాథను తీసుకొని 1947లో "మా భూమి" నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించింది. ఒక్క ఊళ్లో అణచిన గొంతు వందల ఊళ్లలో పలికింది!

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలి అయిన తరువాత రైతులే ఆయుధాలు పట్టారు. 1951 అక్టోబరు దాకా పోరు సాగింది. మధ్యలో 1949లో జాగీర్లు రద్దయినవి, 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది. ఆ పోరాటాన్ని ప్రభుత్వాలు వినలేదని మేము అనలేము. కాని దానికి చెల్లించిన వెల కూడా చెప్పాలి. నాలుగు వేలమంది వరకు ప్రాణాలు పోయాయని ఆ ఉద్యమ నాయకులు పుచ్చలపల్లి సుందరయ్య గారే రాశారు.

ఇక రెండో ఉదాహరణ. "ఇమ్రోజ్" ఉర్దూ పత్రిక సంపాదకులు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండిస్తూ, సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాసేవారు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుండి ఇంటికి వస్తూంటే హైదరాబాదులో దుండగులు ఆయనపై పడి, రాసే చేతిని నరికారు. అప్పటికాయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. మరి కత్తి గెలిచిందా? నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, రజాకార్ల ఆట ముగిసింది.

కాని సోదరులారా, అసలు బాధ ఇక్కడే ఉంది. కత్తితో మాట్లాడినవాళ్లు వేరు, దానికి జవాబు చెప్పవలసి వచ్చినవాళ్లు వేరు. పోలీసు చర్య తరువాత నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్ల బృందం, మొత్తం 27,000 నుండి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. అందరికంటే ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు, మన బీదరు. అంతకు ముందు రజాకార్లు హిందువులపై చేసిన అఘాయిత్యాలను ఆ బృందం దాచలేదు. ముస్లిం కుటుంబాలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందూ ఇరుగుపొరుగులనూ మరవలేదు. ఆ నివేదికను మాత్రం ప్రభుత్వం ప్రకటించలేదు. 2013లో గాని అది జనం చేతికి రాలేదు. అంటే చంపినవాడి మాట ఆ రోజే వినబడింది, చచ్చినవాడి మాట వినబడటానికి 65 ఏళ్లు పట్టింది!

కనుక మేము చెప్పేదేమంటే, హింస వినబడుతుంది, నిజమే. కాని అది ఏ మాట వినిపిస్తుందో, దాని జవాబు ఎవరి నెత్తిన పడుతుందో కొట్టినవాడి చేతిలో ఉండదు. చాలాసార్లు ఏ పాపమూ ఎరగని పొరుగువాడి మీదే పడుతుంది.

ఆనాటిది కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఏ కొద్దిమందో. మీ ఇంట్లో అలాంటి పెద్దలు ఉంటే, ఈ పండుగ సెలవుల్లో పక్కన కూర్చొని, వాళ్లు చెప్పేది తారీఖుతో సహా కాగితం మీద పెట్టండి. మనవాళ్లు పడ్డ బాధే కాదు, మనవాళ్లను కాపాడినవాళ్ల పేర్లు కూడా రాయండి. షోయబుల్లా ఖాన్ చెయ్యి తెగిపడింది గాని కలం మన చేతిలోనే ఉన్నది.